పినియన్ సీలు మార్చినా డిఫరెన్షియల్ మళ్ళీ కారుతుంటే ఏం చూడాలి, సీలు ఎలా మార్చాలి

మీరు అడిగింది ఇదీ: భీమవరం వైపు చెరువు గట్ల మీద తిరిగే బొలెరో, లక్షా నలభై వేల కిలోమీటర్లు నడిచింది. వెనక డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె) ముందువైపు, గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ కలిసే చోట ఆయిల్ కారుతోంది. ఆ షాఫ్ట్ తిప్పే చిన్న గేరు పినియన్, అక్కడ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు పినియన్ సీలు. ఏడాదిలో రెండుసార్లు ఆ సీలు మార్పించారు. కొన్నాళ్లు బాగుండి మళ్ళీ మొదలవుతోంది. ఇప్పుడు మెకానిక్ హౌసింగ్ (ఆ గేర్లుండే ఇనుప డొల్ల) మొత్తం దింపాలంటున్నాడు. దింపించాలా, అలాగే నడపొచ్చా, అసలు ఎందుకిలా అవుతోంది అన్నారు.

సూటిగా చెప్తాను. మూడో సీలు కొనేముందు నాలుగు చూపించండి: బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న మూత) మూసుకుపోయిందా, ఫ్లేంజ్ (పినియన్ చివర ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే ముక్క) మీద గాడి పడిందా, ఆయిల్ స్ప్లైన్ల (ఫ్లేంజ్, పినియన్ కలిసే పళ్ల) సందులోంచి వస్తోందా, పినియన్ బేరింగ్‌లో ప్లే (ఊగే ఖాళీ) ఉందా. బేరింగ్‌లో ప్లే ఉంటేనే లోపలి పని పెట్టుకోవాలి. మిగతా మూడూ బండి కింద పడుకుని ఒక పూటలో చేసుకునే పనులు. ఈ నాలుగూ చూడకుండా హౌసింగ్ దింపనివ్వకండి.

నడపొచ్చా అంటే, ఎంత కారుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. సీలు చుట్టూ చెమ్మగా ఉండి దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తుంటే కంగారేం లేదు, లెవెల్ చూసుకుంటూ నడపండి. రాత్రి ఆపిన చోట పొద్దునకల్లా బొట్లు పడుతుంటే పని వాయిదా వేయకండి. ఫ్లేంజ్‌కి సరిగ్గా పైన ఫ్లోర్ రేకు మీద అడ్డంగా ఆయిల్ చారిక కనిపిస్తే మాత్రం లెవెల్ చూడకుండా ఊరు దాటొద్దు. ఆ చారిక అంటే ఫ్లేంజ్ తిరిగేటప్పుడు ఆయిల్‌ని విసిరికొడుతోందన్నమాట. డిఫరెన్షియల్‌లో ఆయిల్ పంపు ఉండదు. క్రౌన్ వీల్ (పినియన్ తిప్పే పెద్ద పళ్ల చక్రం) ఆయిల్‌లో తిరుగుతూ ఎగజిమ్మితేనే ముందున్న పినియన్ బేరింగ్‌కి ఆయిల్ అందుతుంది. లెవెల్ తగ్గితే మొదట ఎండిపోయేది ఆ బేరింగే. అది పోతే క్రౌన్-పినియన్ పళ్ల మీదికొస్తుంది, అవి జత కలిపి తయారుచేసేవి కాబట్టి ఒకటి పోతే రెండూ మార్చాలి. సీలుకి అయ్యేది వందల్లో, ఆ సెట్టుకి అయ్యేది వేలల్లో.

లెవెల్ చూడటం తేలికే. బండి చదునైన నేల మీద పెట్టి, ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం బిరడా) విప్పి వేలు పెట్టండి. ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. గట్టు మీద ఏటవాలుగా నిలబెట్టి చూస్తే లెక్క తప్పుతుంది.

అసలు కారేది పినియన్ సీలేనా అన్నది ముందు తేల్చుకోండి. బండి ముందుకు పోతున్నప్పుడు గాలికి ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్ వెనక్కి కొట్టుకొచ్చి డిఫరెన్షియల్ మీద పేరుకుంటాయి. డిఫరెన్షియల్ ముందు భాగాన్ని డీజిల్‌తో బాగా కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక సీలు చుట్టూ కాస్త టాల్కం పౌడర్ చల్లండి. పది ఇరవై కిలోమీటర్లు నడిపి చూస్తే తడి ఎక్కడ మొదలైందో పౌడరే చూపిస్తుంది. వాసన కూడా ఆధారమే. డిఫరెన్షియల్ ఆయిల్‌కి గంధకం వాసన ఉంటుంది, ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. ఇంజన్ ఆయిల్‌కి అది ఉండదు.

ఇక ఎందుకు మళ్ళీ మళ్ళీ కారుతుందన్నది. ఆయిల్ సీలు అంటే రబ్బరు గట్టిగా పట్టుకుని ఆయిల్‌ని ఆపేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సీలు లిప్‌కీ (లోపలి రబ్బరు అంచుకీ) తిరిగే లోహానికీ మధ్య తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి ఆయిల్ పొర ఎప్పుడూ ఉంటుంది. అది లేకపోతే లిప్ మాడిపోతుంది. లిప్‌కి ఆయిల్ వైపు వాలు నిటారుగా, బయటివైపు వాలు తక్కువగా ఉండేలా తయారుచేస్తారు. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ ఆ ఆకారమే ఆయిల్‌ని తిరిగి లోపలికి తోస్తుంటుంది. లిప్ వెనకున్న చిన్న స్ప్రింగు రింగు దాన్ని షాఫ్ట్‌కి ఆనించి ఉంచుతుంది. ఇదంతా పనిచేయాలంటే మూడు కుదరాలి. లోపల ప్రెషర్ పెరగకూడదు. లిప్ ఆనే చోటు నున్నగా ఉండాలి. షాఫ్ట్ ఊగకుండా తిరగాలి. ఈ మూడిట్లో ఏది తప్పినా, ఎంత మంచి కంపెనీ సీలు వేసినా కొద్ది రోజుల్లో పాతదానిలాగే కారుతుంది. మీ బండికి జరుగుతున్నది అదేనని నా నమ్మకం.

మొదట బ్రీదర్. మీరు చెరువుల మీద తిరుగుతున్నానన్నారు కాబట్టి నా అనుమానం ముందు దీనిమీదే. నడిచేకొద్దీ డిఫరెన్షియల్ వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోవడానికి వెనక హౌసింగ్ గొట్టం మీద చిన్న మూతలాంటిది ఉంటుంది. దాని మీద బురద పడి, ఆయిల్ తడితో కలిసి ఎండి, రాయిలా గట్టిపడుతుంది. ఇక లోపలి గాలికి దారి ఉండదు. ఉన్నవాటిలో అన్నిటికంటే బలహీనమైన చోటు సీలు లిప్, గాలి దాన్ని ఎత్తుకుని ఆయిల్‌తో సహా బయటికొస్తుంది. వానాకాలంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. వేడిగా ఉన్న హౌసింగ్ కాలవ నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీలు దగ్గర్నుంచే నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారిందంటే కారణం నీళ్లే.

విజయవాడ ఆటోనగర్‌లో మా దగ్గరికి రొయ్యల మేత వేసే ఒక వ్యాను ఇదే కంప్లయింట్‌తో వచ్చింది. అప్పటికే వేరే చోట సీళ్లు మార్పించుకుని విసిగిపోయాడు ఓనరు. బండి దూరం నుంచి వచ్చి ఇంకా వేడిగా ఉంది. ఫిల్లర్ ప్లగ్ కొద్దిగా వదులు చేయగానే బుస్సుమని గాలి వచ్చింది. బ్రీదర్ విప్పి చూస్తే లోపల మట్టి తప్ప ఇంకేం కనిపించలేదు. డీజిల్‌లో నానబెట్టి శుభ్రం చేసి, దాని స్థానంలో నాజిల్ పెట్టి, రబ్బరు గొట్టం చాసిస్ ఎత్తు దాకా తీసుకెళ్లి చివర కిందికి వంచి కట్టాం. సీలు ముట్టుకోలేదు, చుట్టూ కడిగి పంపించాం. తర్వాత ఆయన వేరే పని మీద వచ్చినప్పుడు కింద దూరి చూశాను, పొడిగా ఉంది. మీరూ ముందు ఇదే చేయండి, దీనికి పెద్దగా ఖర్చు కూడా కాదు. ప్లగ్ విప్పేటప్పుడు మాత్రం మొహం పక్కకి పెట్టుకోండి, వేడి ఆయిల్ చిమ్మే అవకాశం ఉంది.

రెండోది ఫ్లేంజ్ మీద గాడి. ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే ఫ్లేంజ్‌కి వెనకవైపు నున్నటి మెడ ఉంటుంది. సీలు లిప్ ఆనేది దాని మీదే. రబ్బరు మెత్తనిది, ఫ్లేంజ్ ఇనుము, అయినా అరిగేది ఇనుమే. లిప్ కింద చేరిన సన్నటి ఇసుక ఎమరీ పేపర్‌లా పనిచేస్తుంది. ఫ్లేంజ్ చేతిలోకి వచ్చాక మెడని తుడిచి, గోటిని అడ్డంగా గీయండి. ఎక్కడైనా గోరు ఆగిందంటే గాడి పడింది. మెరుస్తున్న గీత మాత్రమే ఉండి గోరు జారిపోతే ఫరవాలేదు.

గాడి పడితే మూడు దారులున్నాయి. కొత్త ఫ్లేంజ్ దొరికితే అదే మేలు. దొరక్కపోతే పల్చటి స్టీలు స్లీవు తొడగడం. ఈ పని కోసమే తయారుచేసే స్లీవులు దాదాపు పావు మిల్లీమీటరు మందం ఉంటాయి, అంత పల్చన కాబట్టి అదే సైజు సీలు సరిపోతుంది. ఇక మూడోది, సీలు కూర్చునే గూట్లో చోటుంటే సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి, లిప్ కొత్త చోట ఆనేలా చేయడం. మూడోది ఖర్చు లేని ఉపాయమే కానీ, సీలు అంచు గూట్లో పూర్తిగా పట్టుకుని ఉందో లేదో చూసుకోవాలి.

ఇక్కడ లేత్ పనివాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫ్లేంజ్‌ని లేత్ మీద తిప్పుతూ ఎమరీ పేపర్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి జరుపుతూ మెరిసేలా రుద్దుతారు. చూడ్డానికి అద్దంలా ఉంటుంది. కానీ పేపర్ జరగడం వల్ల కంటికి కనపడని మర గీతలు పడతాయి. ఫ్లేంజ్ తిరిగినప్పుడు ఆ గీతలే ఆయిల్‌ని మర తిప్పినట్టు బయటికి లాక్కొస్తాయి. పేపర్‌ని ఒకేచోట నిలిపి, పక్కకి జరపకుండా పాలిష్ చేయించాలి. కొత్త సీలు, పాలిష్ చేసిన ఫ్లేంజ్, అయినా మొదటి రోజు నుంచే కారుతోందంటూ వచ్చిన బండ్లలో ఈ కారణం చూశాను. ఒక బండికైతే వెనక్కి నడిపినప్పుడు కారడం ఆగి, ముందుకు పోతుంటే కారేది. మర గీతలుంటే సరిగ్గా అలాగే అవుతుంది.

మూడోది స్ప్లైన్లు. దీన్ని చాలామంది అసలు పట్టించుకోరు. ఫ్లేంజ్ లోపలి పళ్లు పినియన్ పళ్ల మీద కూర్చుంటాయి, వాటి మధ్య సన్నటి సందులు ఉంటాయి. ఆయిల్ ఆ సందుల్లోంచి నట్టు కిందికి వచ్చి, ఫ్లేంజ్ ముఖం మీద నుంచి కారుతుంది. కింద నుంచి చూసేవాడికి సీలే కారుతున్నట్టు కనిపిస్తుంది. ఫ్లేంజ్ మధ్యలో నట్టు చుట్టూ తడిగా ఉందేమో చూడండి. ఉంటే కారణం ఇదే. బిగించేటప్పుడు స్ప్లైన్లకి పల్చగా, వాషర్ కూర్చునే చోట చుట్టూరా సీలెంట్ రాస్తే సరిపోతుంది.

నాలుగోది బేరింగ్ ప్లే. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాక ఫ్లేంజ్‌ని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, ముందుకూ వెనక్కీ లాగండి. ఏ వైపూ కొంచెం కూడా కదలకూడదు. పినియన్ టేపర్ రోలర్ బేరింగుల మీద కొద్దిపాటి బిగువుతో తిరగాలి. దాన్నే ప్రీలోడ్ అంటారు. ఊగుతోందంటే బేరింగులు అరిగాయి, లేదా గతంలో నట్టు సరిగ్గా బిగించలేదు. అలాంటి బండికి ఎన్ని సీళ్లు మార్చినా దండగే, అప్పుడు మాత్రం మీ మెకానిక్ చెప్పిన మాట కరెక్టు. చేత్తో గుండ్రంగా తిప్పినప్పుడు పళ్ల మధ్య కొద్దిగా ఖాళీ తగలడం మామూలే, దాన్ని చూసి భయపడకండి. షాఫ్ట్ క్రాసులు (షాఫ్ట్ చివర్లలో వంగే కీళ్లు) కూడా అప్పుడే చూడండి. క్రాస్ లూజై ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకుతుంటే ఆ వణుకంతా సీలు మీద పడుతుంది.

ఇప్పుడు సీలు మార్చే పని. ఇందులో అసలు కీలకం సీలు కాదు, పినియన్ నట్టు. అందుకే దాని గురించి కాస్త విడమర్చి చెప్తాను.

చాలా బండ్లలో రెండు పినియన్ బేరింగుల మధ్య నలిగే గొట్టం ఒకటి ఉంటుంది. క్రష్ స్లీవ్ అనో కొలాప్సిబుల్ స్పేసర్ అనో అంటారు. ఫ్యాక్టరీలో నట్టు బిగించేటప్పుడు ఈ గొట్టం కొద్దిగా నలిగి, బేరింగుల బిగువు సరిగ్గా ఎంత ఉండాలో అక్కడ ఆగుతుంది. ఒకసారి నలిగింది మళ్ళీ సాగదు. సీలు మార్చడానికి నట్టు విప్పి, తిరిగి బిగించేటప్పుడు ఎయిర్ గన్‌తో బర్రుమని కొట్టేస్తే ఏమవుతుంది? గొట్టం ఇంకా నలుగుతుంది, బేరింగులు పట్టేస్తాయి. బండి ఎక్కువ దూరం పోకముందే డిఫరెన్షియల్ ముందు భాగం కాలుతుంది, గుయ్యిమని శబ్దం మొదలవుతుంది, ఆ వేడికి కొత్త సీలు రబ్బరు కూడా గట్టిపడిపోతుంది. మామూలు నైట్రైల్ రబ్బరు నూరు డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని ఎక్కువకాలం తట్టుకోలేదు. అలా కాలిపోయి నీలం రంగుకి తిరిగిన బేరింగులు మా బల్ల మీద చాలానే పడ్డాయి. ప్రతిసారీ ఓనరు చెప్పేది ఒకటే, మొన్ననే సీలు మార్పించామండి అని.

బిగువు ఎక్కువైందని నట్టు కొద్దిగా వెనక్కి తిప్పడం ఇంకా తప్పు. గొట్టం వెనక్కి రాదు కాబట్టి నట్టు పట్టు పోతుంది, పినియన్ లూజవుతుంది. ఎక్కువ నలిగిందంటే కొత్త గొట్టం వేయడమొక్కటే మార్గం, దానికి పినియన్ బయటికి తీయాలి.

కొన్ని బండ్లలో నలిగే గొట్టం బదులు గట్టి స్పేసరు, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకు రింగులు) ఉంటాయి. వాటికి మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (తిప్పే బలానికి) బిగిస్తే చాలు. మీ బండి మోడల్‌కి ఏది ఉందో మాన్యువల్ చూసో, స్పేర్ పార్టుల కేటలాగ్ చూసో పని మొదలుపెట్టకముందే తెలుసుకోవాలి.

పని ఇలా చేయాలి. ముందు భద్రత. వెనక చక్రాలు గాల్లోకి లేపి స్టాండ్లు పెట్టాక, ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేశాక, బండిని ఆపేది ఏదీ ఉండదు. హ్యాండ్ బ్రేక్ పనిచేసేది వెనక చక్రాల మీద, అవి గాల్లో ఉన్నాయి. గేరులో పెట్టినా షాఫ్ట్ లేదు కాబట్టి ఉపయోగం లేదు. అందుకని ముందు చక్రాలకి రెండువైపులా గట్టి చెక్కలు పెట్టాల్సిందే. ఒక్క జాకీ మీద లేపి కింద దూరడం అసలు చేయొద్దు.

షాఫ్ట్ విప్పేముందు షాఫ్ట్‌కీ ఫ్లేంజ్‌కీ కలిపి పెయింటు గీత పెట్టండి, తిరిగి అలాగే కలపకపోతే వణుకు రావచ్చు. వెనక చక్రాలు, డ్రమ్ములు తీసేస్తే బ్రేకుల రాపిడి కొలతకి అడ్డు రాదు. ఇప్పుడు ఫ్లేంజ్‌కి దారం నాలుగు చుట్లు చుట్టి, చివర స్ప్రింగు త్రాసు తగిలించి మెల్లగా లాగండి. ఫ్లేంజ్ నిలకడగా తిరుగుతున్నప్పుడు త్రాసు ఎంత చూపిస్తుందో రాసుకోండి. ఉదాహరణకి దారం చుట్టిన చోట వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు, త్రాసు 2 కిలోలు చూపించిందనుకోండి, తిప్పడానికి పట్టే బలం 10 కిలో-సెంటీమీటర్లు. కదలడం మొదలయ్యేటప్పుడు వచ్చే పెద్ద అంకె కాదు, తిరుగుతున్నప్పటి అంకె తీసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు మీకు దారి చూపేది ఇదే.

తర్వాత సెంటర్ పంచ్‌తో పినియన్ చివర మీద, నట్టు మీద, ఫ్లేంజ్ మీద ఒకే వరుసలో చుక్కలు పెట్టండి. నట్టు బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. నట్టు అంచు నొక్కి లాక్ చేసి ఉంటే సన్నటి ఉలితో ఆ నొక్కు ఎత్తండి. ఫ్లేంజ్ తిరగకుండా పొడవాటి పట్టీ బిగించి, నట్టు విప్పండి. ఫ్లేంజ్ రాకపోతే పుల్లర్ వాడండి. సుత్తితో వెనక నుంచి కొడితే ఫ్లేంజ్ వంకరపోతుంది, ఆ తర్వాత సీలు కారుతూనే ఉంటుంది.

పాత సీలు లాగేటప్పుడు గూడు లోపలి గోడకి గీతలు పడకూడదు. కొత్త సీలు సైజు పాతదాని మీద అచ్చయి ఉంటుంది, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఆ మూడూ సరిచూసుకోండి. లిప్‌ని వేలితో వంచి చూడండి, మెత్తగా సాగాలి. చాలాకాలం షాపులో నిల్వ ఉండి బిరుసెక్కిన సీలు కొత్త డబ్బాలో ఉన్నా పాతదే. స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ వైపుకి ఉండాలి. సీలుకి రెండు లిప్పులుంటే వాటి మధ్య, స్ప్రింగు గాడిలో గ్రీజు నింపండి, కొట్టేటప్పుడు స్ప్రింగు ఎగిరిపోకుండా అదే పట్టుకుంటుంది. స్ప్రింగు లోపల పడిపోయి, పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ సాయంత్రానికే కారిన సీళ్లు చూశాను.

సీలు బయటి అంచు ఉత్త లోహమైతే పల్చగా సీలెంట్ రాయండి, రబ్బరు పూత ఉంటే అక్కర్లేదు. సీలు అంచుకి సరిపోయే పైపు ముక్క పెట్టి, చుట్టూ సమంగా దిగేలా కొట్టండి. ఒకవైపు ఎక్కువ దిగి ఒకవైపు తక్కువ దిగితే లిప్ వంకరగా ఆనుతుంది. పక్కన స్కేలు ఆనించి నాలుగువైపులా లోతు చూస్తే తెలిసిపోతుంది. ఫ్లేంజ్ మెడకి ఆయిల్ రాసి, స్ప్లైన్లకి సీలెంట్ రాసి, పాత చుక్కలు కలిసేలా ఎక్కించండి. కొత్త నట్టు వేయడం మంచిది. కొత్త నట్టు మీద చుక్క ఉండదు కాబట్టి మరల లెక్క, త్రాసు కొలతే ఆధారం.

బిగించడం చేత్తోనే. మరల లెక్క పాత స్థానానికి దగ్గరపడగానే ఆగి, ఫ్లేంజ్‌ని రెండువైపులా కొన్ని చుట్లు తిప్పి రోలర్లు సర్దుకోనివ్వండి. త్రాసుతో కొలవండి. అక్కడ్నుంచి నట్టుని కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ కొలుస్తూ పోవాలి. మొదట రాసుకున్న అంకె కంటే కాస్త ఎక్కువ వచ్చేసరికి ఆపేయండి. కొత్త సీలు రాపిడికి ఆ కాస్త తేడా సరిపోతుంది. ఓపిక లేనివాళ్లు ఈ పని పెట్టుకోకూడదు. మీ మెకానిక్ దగ్గర త్రాసు లేకపోతే మీరే ఒకటి కొని పట్టుకెళ్లండి. నట్టు ఎయిర్ గన్‌తో బిగించొద్దని ముందే చెప్పి, పని జరుగుతున్నంతసేపూ దగ్గరుండండి.

ఆయిల్ గురించి. ఇలాంటి డిఫరెన్షియల్‌లో పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు జారుతాయి కూడా, అందుకే పళ్ల మీద ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కావాలి. చిక్కదనం 80డబ్ల్యూ-90 వేయాలా, 85డబ్ల్యూ-140 వేయాలా అన్నది మాన్యువల్ చెప్పినట్టు చేయండి. కారడం తగ్గుతుందని చిక్కటిది వేస్తే కొన్నాళ్లు బొట్లు తగ్గినట్టు కనిపిస్తుందంతే. లీకేజీ ఆపుతాయని అమ్మే సీసా మందులు కూడా రబ్బరుని ఉబ్బించి పనిచేస్తాయి, గాడి పడిన ఫ్లేంజ్‌నీ మూసుకుపోయిన బ్రీదర్‌నీ అవేం చేయలేవు. లెవెల్‌కి మించి పోసినా కారుతుంది. నీళ్లు చేరాయని అనుమానం ఉంటే పాత ఆయిల్ మొత్తం దించేయండి. డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాని మీద సన్నటి బూడిదరంగు ముద్ద మామూలే, చేతికి తగిలే పెళ్లలు ఉంటే లోపల ఏదో పోతోందని అర్థం.

పనయ్యాక పదిహేను ఇరవై కిలోమీటర్లు మామూలు స్పీడులో నడిపి, ఆపి, పినియన్ దగ్గర హౌసింగ్ మీద, మధ్య భాగం మీద విడివిడిగా చెయ్యి పెట్టి చూడండి. రెండూ ఇంచుమించు ఒకే వేడిగా ఉండాలి. పినియన్ దగ్గర మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే నట్టు ఎక్కువ బిగిసింది, ఇక నడపకుండా వెనక్కి తీసుకెళ్లండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రాణాల మీదికి తెచ్చేది. బ్రీదర్ మూసుకుపోయిన బండికి చక్రాల వైపు యాక్సిల్ సీళ్లు కూడా కారతాయి. ఆ ఆయిల్ వెళ్లేది బ్రేక్ డ్రమ్ములోకి. వెనక చక్రం లోపలివైపు టైరు మీద ఆయిల్ మరకలున్నా, బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతున్నా అదే రోజు డ్రమ్ము విప్పించండి. ఆయిల్ తాగిన బ్రేకు షూస్ పెట్రోలుతో కడిగి కాల్చి మళ్ళీ వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పైకి పొడిగా కనిపించినా, వేడెక్కగానే లోపలి ఆయిల్ బయటికొస్తుంది. రెండువైపులా కొత్తవి వేయించండి.

ఇంజన్ ముందు చక్రాలనే తిప్పే చిన్న కార్లున్నవాళ్లకి ఈ నట్టు గొడవ లేదు. వాటిలో డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది, కారేది డ్రైవ్ షాఫ్ట్ సీలు. షాఫ్ట్ బయటికి లాగి సీలు మార్చడమే. రెండు జాగ్రత్తలు చాలు. కుడి ఎడమ సీళ్లు వేరుగా ఉండొచ్చు, కాబట్టి రెండూ చూసి వేయాలి. షాఫ్ట్ తిరిగి ఎక్కించేటప్పుడు దాని పళ్లు కొత్త లిప్‌ని కోసేయకుండా పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి సీలు దాటించి, తర్వాత కవరు లాగేయాలి. అందులో ఆయిల్ కూడా మాన్యువల్‌లో ఉన్నదే పోయాలి. జీఎల్-4 అడిగే గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోస్తే గేరు మారేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగులు దెబ్బతినొచ్చు.

మీ బొలెరో విషయానికి, ఈ వారంలోనే బ్రీదర్ విప్పించి శుభ్రం చేయించండి, లెవెల్ చూడండి, డిఫరెన్షియల్ ముందు భాగం కడిగించి కొన్ని రోజులు తిప్పండి. అప్పటికీ కారుతుంటే షాఫ్ట్ విప్పించి ఫ్లేంజ్ ఊపి చూడండి. ఊగకపోతే త్రాసు అంకె రాసుకుని, ఫ్లేంజ్ తీయించి, మెడ మీద గోరు ఆగిందో లేదో, నట్టు కింద తడి ఉందో లేదో చూసి నాకు చెప్పండి. మెడ ఫోటో వెలుతురులో దగ్గర్నుంచి తీసి పంపితే స్లీవు సరిపోతుందా, కొత్త ఫ్లేంజే కావాలా అన్నది చెప్పగలను.